ఇర్వింగ్ గడియారం: ఒక అనుమానం పూర్వోత్తరాలు

2015 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఇర్వింగ్ అనే పట్టణంలో, ఒక ముస్లిం విద్యార్థి తాను బిగించిన గడియారాన్ని బడికి తీసుకువెళ్ళి, చివరికి సంకెళ్ళతో పోలీసు స్టేషను చేరిన ఉదంతం కొద్ది రోజులపాటు ప్రపంచమంతా మారుమోగింది. ఆ మీదట పరస్పర విరుద్ధమైన రెండు కథనాలుగా చీలి, ఆ రూపాలలోనే జనస్మృతిలో నిలిచిపోయింది. ఒక కథనంలో ఆ బాలుడు జాత్యహంకారానికి బలైన బాలమేధావి. మరొకదానిలో అంగడిలో కొన్న గడియారాన్ని విప్పి డబ్బాలో అమర్చి లోకాన్ని నమ్మించిన మాయగాడు. ఈ రెండు వర్గాల వారికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు గాని, ఇద్దరూ తమకు తెలియకుండానే ఒక్కచోట కలుస్తారు: ఉభయులకూ విచారణీయాంశం ఆ పిల్లవాడి అంతరంగమే. ముప్పేమీ లేదని తేలిన తరువాత కూడా ఆ పాఠశాల ఎందుకు వెనక్కి తగ్గలేకపోయిందన్న ప్రశ్న ఇద్దరికీ పట్టలేదు. దానికి సమాధానం వెదకాలంటే ఆ ఉదంతం నుంచి ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి నడవాలి.

1980ల చివరి నుంచి అమెరికా నగరాలలో కౌమారవయస్కుల మధ్య తుపాకీ హత్యలు ఏటేటా పెరుగుతూ వచ్చిన తరుణంలో, 1994లో క్లింటన్ ప్రభుత్వం తుపాకీరహిత పాఠశాలల చట్టాన్ని తెచ్చింది. బడికి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించాలని, అందుకు సిద్ధపడని రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే విద్యానిధులు ఆగిపోతాయని ఆ చట్టం శాసించింది. సందర్భాన్ని బట్టి శిక్షను సడలించే వెసులుబాటు అందులోనే ఉన్నా, స్థానిక విద్యాధికారులు దానిని వాడుకోవడం కంటే చట్టం పరిధిని విస్తరించడానికే మొగ్గు చూపారు. 'జీరో టాలరెన్స్' అనే పేరు కింద తుపాకుల పక్కన చాకులు, మాదకద్రవ్యాలు, ఆపైన ఆయుధాన్ని పోలిన ఆటవస్తువులు కూడా వచ్చి చేరాయి. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు 12 మంది సహాధ్యాయులనూ ఒక ఉపాధ్యాయుణ్ణీ కాల్చి చంపడంతో ఈ ధోరణి ఇక ప్రశ్నకు అందని స్థాయికి చేరింది. ఆ ఇద్దరూ తుపాకులతో పాటు బాంబులు కూడా బడిలో అమర్చారు, అవి పేలలేదు. అయినా అప్పటి నుంచి తీగలు కనబడే ఏ పెట్టె అయినా ఉపాధ్యాయుల మనస్సులో వేరే అర్థం సంతరించుకుంది. ఆ హంతకులు వలస వచ్చినవారు కారు, ముస్లిములూ కారు.

ఈ విధానాన్ని సమర్థించినవారి ఉద్దేశాన్ని శంకించడం న్యాయం కాదు. నియమం అందరికీ ఒకటే అయి, ఉపాధ్యాయుడి ఇష్టాయిష్టాలకు తావు లేకపోతే, పక్షపాతం దానంతట అదే తొలగిపోతుందని వారు మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ నమ్మకాన్ని టెక్సస్ రాష్ట్రపు రికార్డులే సడలించాయి. 2011లో వెలువడిన ఒక బృహత్ అధ్యయనం అక్కడి దాదాపు 10 లక్షల మంది విద్యార్థులను ఏడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా అనుసరించి చూసింది. వారిలో ఇంచుమించు 60 శాతం మంది ఒక్కసారైనా సస్పెన్షనుకో బహిష్కరణకో గురయ్యారు. ఆ చర్యలలో రాష్ట్ర చట్టం తప్పనిసరి చేసినవి 3 శాతం మాత్రమే. తక్కినవన్నీ బడి పెద్దలు తమ విచక్షణతో తీసుకున్నవి. ఆ విచక్షణ అధికంగా నల్లజాతి పిల్లల మీదనే ప్రయోగమైంది. అంటే కఠిన నియమం విచక్షణను తుడిచిపెట్టలేదు. నియమం పేరు చెప్పి బాధ్యత తప్పించుకునే వీలు మాత్రం విచక్షణకు కల్పించింది. నియమం చెప్పిందే చేశామని చెప్పుకోగలిగిన చోట, ఈ పిల్లవాణ్ణే ఎందుకు అనుమానించామని తమను తాము ప్రశ్నించుకునే అవసరం ఎవరికీ రాదు.

అనుమానం ఎవరి మీద పడుతుందన్నదానికి వేరే చరిత్ర ఉంది. అమెరికా ముస్లిముల చరిత్రలో 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాతి పరిణామాలు సుపరిచితాలే గనుక విస్తరించనక్కరలేదు. డాలస్ పరిసరాలకు సంబంధించినంత వరకు ఒక్కటి చెప్పాలి. ఆ దాడులు జరిగిన నాలుగు వారాల లోపే అక్కడ ఒక దుండగుడు, అరబ్బులపై పగ తీర్చుకుంటున్నానన్న భ్రమలో, దుకాణాలలోకి చొరబడి ఒక పాకిస్తానీయుణ్ణీ, గుజరాత్ నుంచి వచ్చిన ఒక హిందువునూ కాల్చి చంపాడు. ఒక బంగ్లాదేశ్ యువకుడి ఒక కంటి చూపు పోగొట్టాడు. చర్మవర్ణాన్నే ఆనవాలుగా తీసుకున్న ద్వేషం మతభేదాలను పాటించలేదు. తమ కుంకుమబొట్టో కాశీదారమో తమను వేరుగా నిలబెడుతుందని భావించే ప్రవాస భారతీయులు తరచు మరచిపోయే సంగతి ఇది.

ఇర్వింగ్ మన పాఠకులకు పరాయి ఊరు కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో డాలస్ చుట్టుపక్కలకు చేరిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే పట్టణాలలో అదొకటి. 2014 అక్టోబరులో అక్కడి థామస్ జెఫర్సన్ పార్కులో నెలకొన్న మహాత్మా గాంధీ విగ్రహం వెనుక తెలుగువారి పూనిక ప్రధానం. 2 లక్షలకు మించిన జనాభాలో హిస్పానికులు, ఆసియావాసులు, ఆఫ్రికా నుంచి వచ్చినవారు కలగలిసిన ఆ పట్టణంలో పెద్ద మసీదు కూడా ఉంది. 2015 ఆరంభంలో, డాలస్ ప్రాంతంలో కొందరు ముస్లిం పెద్దలు కుటుంబ, వ్యాపార తగాదాలలో ఉభయులూ ఇష్టపడి వచ్చినప్పుడు మధ్యవర్తిత్వం నెరపుతున్నారన్న వార్త 'షరియా న్యాయస్థానం' వెలసిందన్న పుకారుగా మారింది. అప్పటి ఇర్వింగ్ మేయర్ బెత్ వాన్ డైన్ దానిని చల్లార్చే బదులు ఒక రాజకీయాంశంగా చేపట్టారు. విదేశీ న్యాయసూత్రాలు టెక్సస్ కోర్టులలో చెల్లకూడదన్న బిల్లును సమర్థిస్తూ మార్చిలో నగర పాలకమండలి 5–4 ఓట్లతో తీర్మానించింది. ఆ ఓట్ల లెక్క గమనించదగినది. పట్టణం ఏకకంఠంతో ద్వేషించలేదు, దాదాపు సరిసమానంగా చీలింది. మే నెలలో డాలస్ ప్రాంతంలోనే ఉన్న గార్లండ్‌లో ప్రవక్త వ్యంగ్యచిత్రాల ప్రదర్శనపై ఇద్దరు సాయుధులు దాడికి వచ్చి పోలీసుల తూటాలకు హతులయ్యారు. కాబట్టి ఆనాటి భయం పూర్తిగా కల్పితమూ కాదు. అయితే సకారణమైన భయానికీ, అది ఎవరి మీద వాలుతుందన్న దానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడమే కష్టం.

సెప్టెంబరు 14న మెకార్థర్ హైస్కూలుకు అహ్మద్ మొహమ్మద్ తెచ్చినది ఒక పెన్సిల్ పెట్టె. సూడాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబానికి చెందిన ఆ 14 ఏళ్ళ పిల్లవాడు తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరాడు. మూత తీస్తే లోపల ఒక సర్క్యూట్ బోర్డు, ట్రాన్స్‌ఫార్మరు, వాటి మధ్య తీగలు, అంకెలు చూపే పలక. అనుమానాస్పదంగా కనబడకూడదని మూతను మామూలు కేబుల్‌తో కట్టానని అతడే తరువాత చెప్పాడు. ఉదయం ఇంజినీరింగ్ ఉపాధ్యాయుడు చూసి, బాగుందని చెప్పి, ఇంకెవరికీ చూపించవద్దని హితవు పలికాడు. ఈ హితవులోనే ఆ బడి వాతావరణమంతా ఇమిడి ఉంది: వస్తువు నిరపాయకరమని తెలిసిన మనిషికి, దానిని ఇతరులు ఎలా చూస్తారో కూడా తెలుసు. ఇంగ్లీషు తరగతిలో అది బీప్‌మని మోగింది. ఉపాధ్యాయురాలు దానిని స్వాధీనం చేసుకున్నారు. ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాలు, పోలీసులు అతడిని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించారు.

ఇక్కడ ఆగి చూడవలసినది జరిగినదాన్ని కాదు, జరగనిదాన్ని. బడి ఖాళీ చేయించలేదు. బాంబు నిర్వీర్య దళాన్ని పిలిపించలేదు. ఆ పెట్టె ఉన్న భవనంలోనే పిల్లలు తక్కిన పాఠాలు విన్నారు. అది పేలే వస్తువని అక్కడ ఎవరూ నమ్మలేదు. అలాంటప్పుడు అరెస్టుకు ఆధారం ఏమిటంటే, టెక్సస్ శిక్షాస్మృతిలో 'బూటకపు బాంబు' అనే నేరం ఉంది. నిజం కాని బాంబును నిజమని ఇతరులు నమ్మాలన్న, లేదా అలజడి రేగాలన్న సంకల్పంతో తయారు చేస్తే అది వర్తిస్తుంది. వస్తువు నిర్దోషి అని తేలగానే నేరం ఆ వస్తువును వదలి పిల్లవాడి మనస్సులోకి ప్రవేశించింది. అది గడియారమని అతడు మొదటి నుంచి చివరి దాకా ఒకే మాట మీద నిలబడ్డాడు. అంతకు మించి విస్తృతమైన వివరణ ఇవ్వలేదని పోలీసు ప్రతినిధి పత్రికలకు ఫిర్యాదుగా చెప్పారు. గడియారానికి గడియారమన్నదానిని మించిన వివరణ ఏముంటుందో ఆయన సెలవివ్వలేదు. నాసా టీషర్టుతో, వెనక్కి విరిచిన చేతులకు సంకెళ్ళతో నిలబడిన ఆ బాలుడి ఛాయాచిత్రం మరో రెండు రోజులకు లోకమంతా చూసింది. బడి మూడు రోజుల సస్పెన్షన్ విధించింది.

అది తెల్లజాతి పిల్లవాడి పెట్టె అయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు చరిత్ర ఖండితమైన జవాబు ఇవ్వలేదు. 2013లో మేరీలాండ్‌లో ఏడేళ్ళ తెల్లజాతి పిల్లవాడు తినుబండారాన్ని తుపాకీ ఆకారంలో కొరికాడన్న ఉదంతంలో రెండు రోజులు సస్పెండయ్యాడు. అతని మొత్తం ప్రవర్తనే కారణమని బడి వాదించింది. అదే ఏడాది ఫ్లోరిడాలో ఒక నల్లజాతి విద్యార్థిని సీసాలో రసాయనాలు కలిపి చిన్న చప్పుడు చేసినందుకు అరెస్టయింది. తెలివితక్కువ కాఠిన్యం అందరి మీదా పడేదేనన్నది నిజం. అయితే మేరీలాండ్ పసివాడి ఉద్దేశం ఏమిటని ఎవరూ పోలీసులను పిలిచి అడిగించలేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయురాలి ఆందోళనను తప్పుపట్టడం కూడా సమంజసం కాదు. పెట్టె ఆకారం అనుమానం కలిగించేదే, చూసీ చూడనట్లు వదిలేసి ఉంటే, ఏదైనా జరిగిన నాడు వేళ్ళన్నీ ఆమె వైపే చూపేవి. తప్పు ఆ ఆందోళనలో లేదు. అది తీరిన తరువాతి గంటలలో ఉంది.

సెప్టెంబరు 16న పోలీసు అధిపతి కేసు పెట్టడం లేదని ప్రకటించారు. అదే రోజు అధ్యక్షుడు ఒబామా ట్విటర్‌లో ఆ బాలుణ్ణి శ్వేతసౌధానికి ఆహ్వానించారు; అక్టోబరులో అక్కడ జరిగిన ఖగోళ రాత్రి ఉత్సవానికి అతడు హాజరయ్యాడు. గడియారంలో అతని సొంత కల్పన ఎంత అన్న విమర్శ కూడా అప్పటికే బయలుదేరింది. ఆ విమర్శకు ఆధారం లేకపోలేదు గాని, విడిభాగాలు విప్పి మళ్ళీ బిగించడం ఏ శిక్షాస్మృతిలోనూ నేరం కాదు. అంతలోనే సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్‌ను అతడు కలవడం సానుభూతిపరులను సైతం ఇబ్బందిపెట్టింది. ఖతర్ ఫౌండేషన్ ఉపకారవేతనం ఇవ్వగా కుటుంబం దోహాకు తరలిపోయింది. నవంబరులో కొందరు తుపాకులు చేతబట్టి ఇర్వింగ్ మసీదు ముందు నిరసన తెలిపారు. ఆ తుపాకులు చట్టసమ్మతమైనవి.

బడిలో పిల్లలను అనుమానంతో చూడడం అమెరికాలో ఆచారంగా సాగగా, బ్రిటన్‌లో అదే 2015లో శాసనమైంది. 2013 చివరలో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థకు ఒక ఆకాశరామన్న ఉత్తరం చేరింది. ముస్లిం ఛాందసులు అక్కడి బడులను కైవసం చేసుకునే కుట్ర పన్నుతున్నారని దాని సారాంశం. ఆ ఉత్తరం బూటకమన్నది తరువాత విస్తృతంగా అంగీకారం పొందిన అభిప్రాయం. అయినా 21 బడులను తనిఖీ చేశారు. అంతకు రెండేళ్ళ ముందు అత్యుత్తమమని ప్రశంసించిన పార్క్ వ్యూ పాఠశాలనే ఈసారి అధమమని తేల్చారు. విచారణకు ఉగ్రవాద నిరోధక విభాగపు మాజీ అధిపతి పీటర్ క్లార్క్‌ను నియమించడంలోనే ప్రభుత్వ దృష్టికోణం వెల్లడైంది. ఉగ్రవాదానికి ఆయన ఆధారాలు చూపలేదు. కానీ కొందరు ఉపాధ్యాయుల అసహన భావాలను, పాలనలో చొరబాటును ఎత్తిచూపారు, అవి పూర్తిగా కొట్టిపారేయదగినవి కావు. ఆ ఉపాధ్యాయులపై నడిచిన ప్రధాన క్రమశిక్షణ కేసు మాత్రం, అధికారులు సాక్ష్యాలను ప్రతివాదులకు అందించలేదన్న కారణంతో 2017లో కుప్పకూలింది. ఈలోగా 2015 జులై 1 నుంచి తీవ్రవాదంవైపు మొగ్గు చూపే పిల్లలను కనిపెట్టడం ఉపాధ్యాయుల చట్టబద్ధ విధి అయింది. 2016 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఇంగ్లండ్, వేల్స్‌లలో 7,631 మందిని ఈ తీవ్రవాద నివారణ పథకం కింద అధికారులకు నివేదించారు, అందులో మూడో వంతు విద్యాసంస్థల నుంచే. ప్రత్యేక పర్యవేక్షణ అవసరమని తేలినది సుమారు ఇరవై మందిలో ఒకరికి.

అహ్మద్ కుటుంబం 2016 ఆగస్టులో ఇర్వింగ్ నగరంపైనా, విద్యాజిల్లాపైనా డాలస్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. 2017 మేలో న్యాయమూర్తి శామ్ లిండ్సే దానిని చాలవరకు కొట్టివేశారు. మతాన్నో జాతినో బట్టి ఉద్దేశపూర్వకంగా వివక్ష చూపారని భావించడానికి తగిన వాస్తవాలు అందులో లేవన్నారు. న్యాయశాస్త్రరీత్యా ఈ తీర్పును తప్పుపట్టడం కష్టం, ఎందుకంటే అమెరికా సమానత్వ న్యాయం దశాబ్దాలుగా ఉద్దేశ నిరూపణనే కోరుతూ వచ్చింది. కాకపోతే 14 ఏళ్ళ పిల్లవాడి ఉద్దేశాన్ని ఊహించడానికి ఒక గదిలో ఒక మధ్యాహ్నం సరిపోగా, సంస్థ ఉద్దేశాన్ని నిరూపించడానికి ఏళ్ళ తరబడి న్యాయస్థానమూ చాలలేదు. 2018 మార్చిలో దావా శాశ్వతంగా ముగిసింది.

అంతకు నెల ముందు ఫ్లోరిడాలోని పార్క్‌లండ్‌లో ఒక మాజీ విద్యార్థి 17 మందిని కాల్చి చంపాడు. ఆ దారుణం తరువాత ఏర్పడిన కేంద్ర సంఘం సలహాపై, బడులలో శిక్షలు జాతిని బట్టి అసమానంగా పడకుండా చూడాలంటూ 2014లో ఒబామా ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలను ట్రంప్ ప్రభుత్వం 2018 డిసెంబరులో ఉపసంహరించుకుంది. బెత్ వాన్ డైన్ 2020లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు.