ఈకేఎస్ క్లస్టర్‌లో సిలియం స్థాపన

సిలియం కుబెర్నెటీస్ పాడ్‌లకు నెట్‌వర్క్ అనుసంధానాన్ని, భద్రతా నియమాలను సమకూర్చే ఓపెన్ సోర్స్ ప్లగిన్. లినక్స్ కెర్నెల్‌లోని ఈబీపీఎఫ్ సాంకేతికత దీనికి ఆధారం. ఐసోవాలెంట్ సంస్థ వ్యవస్థాపకుల చేతుల్లో రూపుదిద్దుకున్న ఈ ప్రాజెక్టు 2021 అక్టోబరులో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరి, 2023 అక్టోబరులో గ్రాడ్యుయేటెడ్ హోదా పొందింది.

అమెజాన్ నిర్వహించే కుబెర్నెటీస్ సేవ అయిన ఈకేఎస్ క్లస్టర్లలో సాధారణంగా వీపీసీ సీఎన్‌ఐ ప్లగిన్ ముందే ఉంటుంది. దాన్ని ఉంచి సిలియంను గొలుసుగా జోడిస్తే చిరునామాల కేటాయింపు పాతదానిదే, నియమాల అమలు సిలియంది. పూర్తిగా మార్చాలంటే వీపీసీ సీఎన్‌ఐని నడిపే ‘ఏడబ్ల్యూఎస్-నోడ్’ డీమన్‌సెట్‌ను తొలగించి లేదా నిలిపివేసి, హెల్మ్ ద్వారా సిలియంను స్థాపిస్తారు. సిలియం ఈఎన్‌ఐ పద్ధతిలో నోడ్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల (ఈఎన్‌ఐల) ద్వారా పాడ్‌లకు వీపీసీ చిరునామాలే అందుతాయి. అందువల్ల ఒక నోడ్‌పై ఎన్ని పాడ్‌లు నడవగలవన్నది ఇన్‌స్టెన్స్ రకాన్ని బట్టి మారుతుంది. పాడ్‌లకు వీపీసీకి బయటి చిరునామాలిచ్చే ఓవర్‌లే పద్ధతిలో ఈ పరిమితి ఉండదు. అయితే కంట్రోల్ ప్లేన్ అమెజాన్ అధీనంలో ఉన్నందున అక్కడ సిలియం నడవదు. అందుచేత అక్కడి ఏపీఐ సర్వర్ ఓవర్‌లేలోని వెబ్‌హుక్ పాడ్‌లను చేరలేదు. అలాంటి పాడ్‌లను హోస్ట్ నెట్‌వర్క్‌లో నడపడం ఒక పరిష్కారం. స్థాపనకు ముందే నడుస్తున్న పాడ్‌లు, వాటిని పునఃప్రారంభించేవరకు సిలియం పరిధిలోకి రావు. కొత్త నోడ్‌లలో ఈ చిక్కు తలెత్తకుండా, సిలియం ఏజెంట్ సిద్ధమయ్యేదాకా పాడ్‌లను ఆపే టెయింట్‌ను నోడ్‌గ్రూప్‌కు ముందుగానే పెడతారు.