వీపీ పార్సిల్ నుంచి వాట్సాప్ గ్రూపు దాకా: చిన్న వ్యాపారం, దూరం, నమ్మకం



ఈ వారం వ్యాసానికి అంశం పుస్తకంలోంచి కాదు, మా వంటింట్లోంచి తీసుకున్నాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది అద్దె భరించలేక నేను ఘజియాబాద్ జిల్లా ఇందిరాపురంలో అక్కా బావల ఇంటికి వచ్చేశాను. నీతి ఖండ్‌లోని ఆ ఫ్లాట్ నుంచే అక్క ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి అమ్ముతుంది. దుకాణం లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక క్యూఆర్ కోడ్. రెండేళ్లుగా నా టెస్ట్ సిరీస్ ఫీజు ఆ పచ్చళ్ల డబ్బుతోనే కడుతున్నాను. కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థుణ్ని కాను. అయినా చరిత్ర వరకు జాగ్రత్తగానే రాస్తాను.

అక్క అమ్మేది అందరికీ కావలసిన సరుకు కాదు. ఇక్కడివాళ్ల మామిడి పచ్చడిలో ఆవనూనె, సోంపు ఉంటాయి. మనకు నువ్వుల నూనె, ఆవపిండి, గుంటూరు కారం ఉండాలి. అలాంటి ఆవకాయ కోసం వెతికే తెలుగు ఇళ్లు ఒక్క వీధిలో పది ఉండవు. నోయిడా, ఘజియాబాద్, తూర్పు ఢిల్లీ మొత్తం కలిపితే మాత్రం ఒక కుటుంబం నడిచేంత బేరం ఉంటుంది. దీన్నే నిచ్ మార్కెట్ అంటారు. కొనేవాళ్లు కొద్దిమంది, వాళ్లు కూడా చెల్లాచెదురుగా ఉంటారు. వాళ్లను ఒక చోట చేర్చడమే ఇంటర్నెట్ చేసిన పని.

మనం మెయిన్స్‌లో సాధారణంగా రాసే వాక్యం ఇక్కడే ఆగిపోతుంది: "ఇంటర్నెట్ చిన్న వ్యాపారికి దూరాన్ని చెరిపేసింది." అది సగం నిజం. మొదటి వేసవిలో ఒకాయన ఆరు కిలోల ఆవకాయ ఆర్డరిచ్చి, డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టాడు. పచ్చడి వెళ్లింది, డబ్బు రాలేదు. ఆ నంబరు మళ్లీ పలకలేదు. "డబ్బు బొమ్మ చూపిస్తే డబ్బు వచ్చినట్టు కాదురా" అంది అక్క. అప్పటి నుంచి బ్యాంకు మెసేజ్ చూడనిదే సీసా గుమ్మం దాటదు.

ముఖం తెలియని ఇద్దరి మధ్య సరుకు ముందా, డబ్బు ముందా? దూరపు వ్యాపారంలో అసలు ప్రశ్న ఇదే. దీనికి ఏ కాలంలో ఎవరు హామీగా నిలబడ్డారో చూస్తూ వస్తే చిన్న వ్యాపారం చరిత్ర మనకు అర్థమవుతుంది.

1. పోస్టాఫీసు హామీ (1854–1880)

డల్హౌసీ అనగానే మీకు రైల్వే, టెలిగ్రాఫ్ గుర్తొస్తాయి. 1854 పోస్టాఫీసు చట్టాన్ని కూడా వాటి పక్కన పెట్టుకోండి. దూరంతో నిమిత్తం లేకుండా ఉత్తరానికి ఒకే రేటు వచ్చింది అప్పుడే. పక్క ఊరికైనా, దేశం ఆ చివరికైనా తేలికపాటి ఉత్తరానికి అర్ధణా.

1877లో వాల్యూ పేయబుల్ పోస్టు, అంటే మన తాతలు "వీపీ" అని పిలిచినది, మొదలైంది. అమ్మేవాడు పార్సిల్‌ను పోస్టాఫీసులో ఇస్తాడు. పోస్ట్‌మ్యాన్ దాన్ని కొనేవాడి ఇంటికి తీసుకెళ్లి, ధర వసూలు చేసుకుని, పార్సిల్ చేతికిస్తాడు. ఆ సొమ్ము తిరిగి అమ్మినవాడికి చేరుతుంది. 1880లో మనీ ఆర్డర్లు కూడా తపాలా శాఖ చేతికి వచ్చాయి. సరుకు ముందా, డబ్బు ముందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది: రెండూ ఒకేసారి, మధ్యలో ప్రభుత్వ ఉద్యోగి సాక్షిగా.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. కొనేవాడు "వద్దు" అంటే పార్సిల్ తిరిగి వస్తుంది, రానుపోను నష్టం అమ్మినవాడిది. నేటి క్యాష్ ఆన్ డెలివరీలోనూ చిన్న వ్యాపారిని బాధించేది ఇదే.

2. పేరు హామీ: అమృతాంజనం (1893)

తెలుగువాడు దూరపు నగరంలో ఒకే ఒక్క సరుకుతో వ్యాపారం మొదలుపెట్టిన కథల్లో మనకు బాగా తెలిసినది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బొంబాయి చేరి 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. అప్పటికి అది ఎవరూ పేరు వినని తలనొప్పి మందు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు దాన్ని ఉచితంగా పంచారని ప్రసిద్ధి. వాడి చూస్తేనే నమ్మకం కలిగే సరుకుకు అంతకన్నా మంచి ప్రచారం లేదు.

1907 సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లివచ్చాక తెలుగువారికి ఒక పత్రిక కావాలని ఆయన భావించారు. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక. ఈ పనులకు వెన్నుదన్ను అమృతాంజనం రాబడే. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. గ్రూప్స్ రాసేవాళ్లకు ఈ ఒక్క వ్యక్తి దగ్గర వాణిజ్యం, పత్రికా రంగం, జాతీయోద్యమం, ఆంధ్రోద్యమం నాలుగూ కలుస్తాయి.

మన అంశానికి కావలసిన పాఠం వేరే ఉంది. ఆయన నమ్మకాన్ని సరుకు పేరులో పెట్టారు. సీసా మీద పేరు చూసి కొనేవాడికి తయారుచేసినవాడి ముఖం చూడాల్సిన అవసరం లేదు. దొంగ పేర్ల బెడద ఆనాడే ఉంది కాబట్టే 1889లో మర్చండైజ్ మార్క్స్ చట్టం, 1940లో ట్రేడ్ మార్క్స్ చట్టం వచ్చాయి.

3. సంఘం హామీ: లిజ్జత్ (1959)

ఇంట్లో తయారయ్యే తిండి సరుకుకు మరో దారి 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గాంలో కనిపించింది. ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. అది శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్‌గా ఎదిగింది. పని ఎవరింట్లో వాళ్లు చేసుకున్నా, పిండి, నాణ్యత, పేరు ఉమ్మడి. ఒంటరి గృహిణి ఇవ్వలేని హామీని సంఘం ఇచ్చింది.

4. ఇంటర్నెట్ వచ్చింది, హామీ రాలేదు (1995–2010)

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించింది. 2000లో ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు, డిజిటల్ సంతకాలకు చెల్లుబాటు ఇచ్చింది. 2008 సవరణతో చేరిన సెక్షన్ 10ఏ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని చెప్పింది. ప్రిలిమ్స్‌కు ఇది గుర్తుంచుకోండి.

2007 అక్టోబరులో బెంగళూరులో ఇద్దరు యువకులు పుస్తకాలు అమ్మే వెబ్‌సైట్ పెట్టారు. అదే ఫ్లిప్‌కార్ట్. దాని తొలి ఆర్డరు మన మహబూబ్‌నగర్‌కు చెందిన ఒక పాఠకుడిది. తమకు కావలసిన పుస్తకం దొరకని ఊళ్లలోనే అలాంటి వ్యాపారానికి మొదటి గిరాకీ పుట్టింది. కానీ ముందే డబ్బు కట్టడానికి జనం జంకారు. 2010లో ఆ సంస్థ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చింది. అప్పుడందరూ దాన్ని కొత్త ఆలోచన అన్నారు. మీరు మాత్రం 1877తో పోల్చి చూడండి. పోస్ట్‌మ్యాన్ స్థానంలో కంపెనీ కుర్రాడు వచ్చాడు, అంతే.

5. ఫోనే దుకాణం (2016 తర్వాత)

2016లో రెండు మార్పులు కలిశాయి. ఎన్‌పీసీఐ ఏప్రిల్‌లో యూపీఐని ఆవిష్కరించింది, ఆగస్టు నుంచి బ్యాంకుల యాప్‌లు వచ్చాయి. సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో జనం ఇల్లు కదలలేని రోజుల్లో అపార్ట్‌మెంట్ గ్రూపులే బజార్లయ్యాయి. మా అక్క వ్యాపారం పుట్టింది అప్పుడే. ఎదురింటి బెంగాలీ ఆమెకు ఇచ్చిన ఒక చిన్న సీసాతో మొదలైంది.

మన ఊళ్ల సరుకుకూ ఈ దారి తెరుచుకుంది. కోనసీమలో ఆడవాళ్లు కుండ మీద రేకు తీసి చేసే ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడికి వెళ్లలేని కొనుగోలుదారు ఫోన్‌లో వెతికినప్పుడు అసలేదో నకిలీ ఏదో చెప్పడానికి ఆ గుర్తింపు పనికొస్తుంది. 1889లో సీసా మీద పేరుకు చట్టం ఇచ్చిన రక్షణను ఇప్పుడు ఊరి పేరుకు ఇస్తున్నాం.

6. ఇందిరాపురం సరిహద్దు

ఇక మనం పుస్తకంలో చదివే సమాఖ్య వ్యవస్థ మా గుమ్మం ముందుకు వచ్చిన సంగతి చెబుతాను. ఇందిరాపురం ఉత్తరప్రదేశ్‌లో ఉంది. ఢిల్లీ సరిహద్దు కొన్ని కిలోమీటర్లే. జీఎస్టీలో సరుకు అమ్మేవారికి యూపీలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే సీజీఎస్టీ చట్టం సెక్షన్ 24 ప్రకారం, పన్ను పడే సరుకును మరో రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని లక్నోకు అక్క పచ్చడి పంపొచ్చు. పక్కనే కనిపించే మయూర్ విహార్‌కు పంపాలంటే మాత్రం జీఎస్టీ నంబరు ఉండాలి. పైగా రాష్ట్రం దాటి సరుకు అమ్మేవారికి కాంపోజిషన్ స్కీమ్ వర్తించదు.

నోటిఫై చేసిన హస్తకళా వస్తువులకు ఇందులో వెసులుబాటు ఉంది. నిర్ణీత టర్నోవర్ పరిమితి వరకు కొండపల్లి బొమ్మ రాష్ట్రం దాటినా రిజిస్ట్రేషన్ అడగరు. ఆవకాయకు ఆ సౌకర్యం లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఈ-కామర్స్ వేదికల ద్వారా అమ్మే చిన్న వ్యాపారులకు ఇచ్చిన సడలింపు కూడా రాష్ట్రం లోపలి అమ్మకాలకే.

అక్క ఏడాదిపాటు ఢిల్లీ ఆర్డర్లు వద్దంది. ఆ తర్వాత రిజిస్టర్ చేయించుకుంది. ఆ రిటర్నులు వేసేది నేనే. ఆర్టికల్ 301 వాణిజ్య స్వేచ్ఛనూ, 269ఏ అంతర్రాష్ట్ర జీఎస్టీనీ నేను నిజంగా నేర్చుకున్నది ఆ లాగిన్ పేజీ ముందు కూర్చునే. అయితే ప్రతి నియమమూ అడ్డంకే అనుకోకండి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకుని సీసా మీద ఆ 14 అంకెల నంబరు వేశాక, కొత్తవాళ్లు అక్కను ప్రశ్నలు అడగడం తగ్గించారు. రాజ్యం ఇచ్చే హామీకి విలువ అక్కడ తెలిసింది.

7. రోడ్డు ఎవరిది?

పోస్టాఫీసు రేట్లు అచ్చువేసి గోడకు అంటించేవారు. అందరికీ ఒకే రేటు. సోషల్ మీడియా వేదిక అలా కాదు. ఏ పోస్టు ఎవరికి కనిపించాలో దాని యజమాని నిర్ణయిస్తాడు, నియమం ఎప్పుడు మారిందో మనకు తెలియదు. ఒక ఉగాదికి అక్క పేజీ కారణం చెప్పకుండా వారం రోజులు మూతపడింది. ఫిర్యాదు చేయడానికి మనిషి దొరకలేదు. అందుకే ఇప్పుడు కొనేవాళ్ల పేర్లు, నంబర్లు ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసి పెట్టుకుంటుంది.

ఇక్కడే యూపీఐ భిన్నంగా నిలుస్తుంది. అది ఏ ఒక్క అంగడివాడి సొత్తూ కాదు, ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా నడుస్తుంది. 2021 చివర్లో ఏర్పడిన ఓఎన్‌డీసీ అమ్మకాలకు కూడా అలాంటి ఉమ్మడి దారి వేయాలనే ప్రయత్నం. 2020 ఈ-కామర్స్ నియమాలు ఫిర్యాదుల అధికారిని పెట్టమన్నది కొనేవాడి రక్షణకు. వేదిక మీద ఆధారపడి బతికే చిన్న అమ్మకందారుకు అంత బలమైన రక్షణ ఇంకా కావాలి.

జవాబులో ఎలా వాడాలి?

జీఎస్-3లో ఎంఎస్‌ఎంఈ, డిజిటల్ ఆర్థిక వ్యవస్థ ప్రశ్నలకు, జీఎస్-2లో సమాఖ్య సంబంధాలకు, ఎస్సే పేపర్లో టెక్నాలజీ అంశాలకు ఇది పనికొస్తుంది. క్రమం ఇలా పెట్టుకోండి: 1877 వీపీ, 1893 అమృతాంజనం, 1959 లిజ్జత్, 1995 ఇంటర్నెట్, 2000 ఐటీ చట్టం, 2010 క్యాష్ ఆన్ డెలివరీ, 2016 యూపీఐ, 2017 జీఎస్టీ, 2021 ఓఎన్‌డీసీ. తేదీలు గుమ్మరించకండి. ప్రతి దశలో హామీ ఎవరు ఇచ్చారో ఒక్క మాట రాయండి: ప్రభుత్వం, పేరు, సంఘం, కంపెనీ, ఉమ్మడి వ్యవస్థ. అదే మీ జవాబుకు వెన్నెముక. జీఎస్టీ పరిమితులు మారుతుంటాయి, పరీక్ష ముందు తాజా నోటిఫికేషన్ ఒకసారి చూసుకోండి.

సాధన ప్రశ్నలు:
1. "చిన్న వ్యాపారికి టెక్నాలజీ కొనేవాళ్లను చూపిస్తుంది, నమ్మకాన్ని మాత్రం సంస్థలే ఇస్తాయి." భారత అనుభవంతో చర్చించండి. (250 పదాలు)
2. అంతర్రాష్ట్ర సరఫరాకు తప్పనిసరి జీఎస్టీ రిజిస్ట్రేషన్ సూక్ష్మ సంస్థలపై చూపే ప్రభావాన్ని పరిశీలించండి. (150 పదాలు)

మనలో చాలామందికి రాత్రిపూట ఒక ఆలోచన వస్తుంది: అటెంప్టులు అయిపోతే ఏం చేయాలి, ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకుందామా అని. అది ఓటమి కింద లెక్క కాదు. కాకపోతే సులువైన పని అని మాత్రం దిగకండి. మా ఇంట్లో ఉదయం నాలుగు గంటలకు నాకన్నా ముందు లేచేది అక్కే. ఒకవేళ మీరు పరీక్ష నెగ్గి ఏ జిల్లాలోనో ఫైళ్ల ముందు కూర్చుంటే, 40 సీసాల వ్యాపారం చేసే ఒక మనిషి దరఖాస్తు మీ బల్ల మీదికి వస్తుంది. దాన్ని పక్కన పెట్టేముందు 1877 నాటి ఆ పోస్ట్‌మ్యాన్‌ను గుర్తు చేసుకోండి. ఆ మనిషికి మీ నుంచి కావలసింది కూడా అలాంటి హామీయే.

జవాబులు రాసి పంపండి, దిద్ది పెడతాను.