పందెం బిళ్ళ విలువ ఎంత?

దసరా విందు ముగిశాక, పాత అలవాటు చొప్పున ఆ యింటి క్రింది గదిలో చతుర్ముఖ పారాయణం మొదలైంది. పదమూడు ముక్కలాట, 201 పూలు. పెద్దలం నలుగురం తివాచీ మీద కూర్చుని ఆడుతున్నాం. కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మేనల్లుడు మాత్రం సోఫాలో ఒక మూల కూర్చుని ఫోనులో తల దూర్చాడు. తొంగి చూస్తే అక్కడా పేకాటే. ఒకటి కాదు, నాలుగు బల్లల మీద ఒకేసారి ఆడుతున్నాడు. "ఇది జూదం కాదు మామయ్యా, లెక్క" అన్నాడు. "ఆ లెక్కలో యిప్పటికి ఎంత పోయింది?" అని అడిగాను. దానికి మాత్రం జవాబు రాలేదు.

వాడు చెప్పిన మాటలో నిజమెంత, చెప్పకుండా దాచిన మాటలో నిజమెంత అని తెలుసుకోవాలనిపించింది. కొన్నాళ్ళు పుస్తకాలు తిరగవేశాను. పేకాటను పొగడడానికీ కాదు, పిల్లలకు నీతి చెప్పడానికీ కాదు ఈ వ్యాసం. ఒక ఆటలో లెక్క ఎలా పుట్టింది, ఎంతవరకు పెరిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్న చరిత్ర చెప్పడానికే.

ముందు ఆట సంగతి. పోకర్‌లో యీనాడు ఎక్కువమంది ఆడేది హోల్డెమ్. ప్రతివానికి రెండు ముక్కలు మూసి యిస్తారు. బల్ల మధ్య ఐదు ముక్కలు అంచెలంచెలుగా తెరుస్తారు. మొత్తం ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే వారిది గెలుపు. అంచె అంచెకూ పందెం కాయవచ్చు, పెంచవచ్చు, ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ముక్కలు చూడకముందే యిద్దరు తప్పనిసరిగా కొంత పందెం పెట్టాలి. దాన్ని బ్లైండు అంటారు. ఈ బాధ్యత వంతులవారీగా బల్ల చుట్టూ తిరుగుతుంది.

మామూలు నగదు ఆటలో పందెం బిళ్ళ అంటే డబ్బే. పది డాలర్ల బిళ్ళకు పది డాలర్లు. ఎప్పుడు లేచినా మార్చుకుని పోవచ్చు. టోర్నమెంటు అలా కాదు. అందరూ ఒకే ప్రవేశ రుసుము కడతారు, అందరికీ సమానంగా బిళ్ళలు యిస్తారు. వాటిని మధ్యలో డబ్బుగా మార్చుకోవడానికి వీల్లేదు. గడియారం ప్రకారం బ్లైండ్లు పెరుగుతూ పోతాయి. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోతాడు. బల్లలు పలచబడిన కొద్దీ మిగిలినవారిని కలుపుకుంటూ వచ్చి చివరకు ఒకే బల్ల చేస్తారు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో లాస్ వేగస్ నగరం. అక్కడ హార్స్‌షూ అనే జూదశాల యజమాని బెన్నీ బినియన్ 1970లో పేరుమోసిన ఆటగాళ్ళను పిలిపించి ప్రపంచ పోకర్ పోటీ అని పేరు పెట్టాడు. ఆ ఏడు విజేతను ఓట్లు వేసి ఎన్నుకున్నారు. జానీ మాస్‌కు ఆ గౌరవం దక్కింది. ఓట్లతో తేలే పోటీలో పస లేదని కాబోలు, 1971లో పద్ధతి మార్చారు. ఒకసారి కట్టాలి, పోతే పోయినట్టే, చివరకు మిగిలినవాడే విజేత. ఆ ఏడు కూడా మాసే గెలిచాడు. 1972 నుంచి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. నేటికీ అదే.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి సంవత్సరాలలో బహుమతి అంతా ఒక్కరికే. అలాంటప్పుడు లెక్క తేలిక. బిళ్ళలు రెట్టింపైతే గెలిచే అవకాశమూ రెట్టింపు, వాటి విలువా రెట్టింపు. 1978 నుంచి బహుమతిని పై స్థానాల వారికి పంచడం మొదలుపెట్టారు. ఎక్కువమంది చేరడానికి అది మంచి ఉపాయమే. కాని దానితో బిళ్ళకూ డబ్బుకూ ఉన్న సూటి సంబంధం తెగిపోయింది. గెలిచినవాడి ముందు బిళ్ళలన్నీ ఉంటాయి, డబ్బు మాత్రం అంతా ఉండదు.

మరి బిళ్ళ విలువ ఎంత? దీనికి జవాబు గుర్రప్పందాల నుంచి వచ్చింది. మొదట వచ్చే గుర్రం సంగతి సరే, రెండవది మూడవది ఏవి కావచ్చునో అంచనా వేయడానికి డేవిడ్ హార్విల్ 1973లో ఒక సూత్రం ప్రకటించాడు. మేసన్ మాల్మత్ 1987లో ఆ తరహా లెక్కనే పోకర్ టోర్నమెంటుకు పట్టించాడు. సూత్రం యిది. మొత్తం బిళ్ళలలో నీ వాటా ఎంతో, మొదటి స్థానం రావడానికి నీకున్న అవకాశం అంత. మొదటివాడు ఎవరో ఊహించుకుని, వాడిని తీసివేసి, మిగిలినవారిలో మళ్ళీ అదే లెక్క వేస్తే రెండవ స్థానం తేలుతుంది. అలా కిందికి.

ఒక ఉదాహరణ చూద్దాం. పెన్సిలు పుచ్చుకుని వేసుకుంటే అందరికీ తెలుస్తుంది. నలుగురు మిగిలారు. ఒక్కొక్కరి దగ్గర వెయ్యి బిళ్ళలు. బహుమతులు 50, 30, 20 డాలర్లు. నాలుగవవానికి ఏమీ లేదు. అందరూ సమానం గనుక ఒక్కొక్కరి వాటా విలువ 25 డాలర్లు. ఇప్పుడు యిద్దరు తమ బిళ్ళలన్నీ ఒడ్డి తలపడ్డారనుకోండి. ఓడినవాడి 25 డాలర్లూ పోయినట్టే. గెలిచినవాడి దగ్గర బిళ్ళలు రెట్టింపై రెండు వేలయ్యాయి. విలువ 50 కావాలి గదా? లెక్క వేస్తే తేలేది 38 డాలర్ల 33 సెంట్లు. మిగతా 11 డాలర్ల 67 సెంట్లు ఎక్కడికి పోయాయి? ముక్క ముట్టకుండా పక్కన కూర్చున్న యిద్దరికీ చెరి సగం చేరాయి. పిల్లీ పిల్లీ తగవులాడుకుంటే రొట్టె కోతికి దక్కిన కథ మనకు కొత్త కాదు.

అంటే గెలిస్తే వచ్చేది 13 డాలర్ల పైచిలుకు, ఓడితే పోయేది 25. కాబట్టి నూటికి కనీసం 65 సార్లు గెలిచే ముక్కలుంటే తప్ప ఆ సమయంలో సర్వస్వం ఒడ్డడం నష్టం. చేతిలో రెండు పదులుండి, ఎదుటివాని దగ్గర ఆసు, రాజు ఉన్నట్టు తెలిసిందనుకోండి. నూటికి సుమారు 55 సార్లు పదులదే గెలుపు. నగదు ఆటలో అది కళ్ళకద్దుకుని ఆడవలసిన ఆట. ఇక్కడ మాత్రం ముక్కలు పడేయడమే తెలివి. మన పూలాటలో 150 దాటినవాడు డ్రాపు చెప్పడానికీ 40 దగ్గర ఉన్నవాడు ధైర్యంగా ముక్క లాగడానికీ ఉన్న తేడా యిలాంటిదే. ముక్కలు అవే అయినా, ఉన్న చోటును బట్టి ఆట మారుతుంది.

దీని అర్థం ముడుచుకుని కూర్చోమని కాదు. పెరిగే బ్లైండ్లు కూర్చున్నవాణ్ణీ తినేస్తాయి. ఒక చుట్టు తిరిగేసరికి తప్పనిసరిగా కట్టవలసినది మొత్తం 300 బిళ్ళలు, నీ దగ్గర ఉన్నవి 3,000 అయితే, ఏ ఆటా ఆడకుండా పది చుట్లు బ్రతుకుతావు. ఈ సంఖ్యకు ఎం అని పేరు. గణితజ్ఞుడు, బ్యాక్‌గామన్ ఆటలో మేటి అయిన పాల్ మాగ్రియల్ పేరు మీదుగా వచ్చింది. 1995లో ప్రపంచ పోటీ గెలిచిన డాన్ హారింగ్టన్ 2004 నుంచి వెలువరించిన పుస్తకాలలో దీన్ని అందరికీ తెలిసేలా వివరించాడు. ఇరవై చుట్లకు సరిపడా ఉన్నవాడు తాపీగా ఆడవచ్చు. ఐదు చుట్లకు దిగితే మిగిలే దారులు రెండే. అన్నీ ఒడ్డడం, లేదా పడేయడం.

అన్నీ ఒడ్డేటప్పుడు కూడా తాను ముందు ఒడ్డడం వేరు, ఎదుటివాడు ఒడ్డితే ఒప్పుకోవడం వేరు. ముందు ఒడ్డినవాడికి గెలుపు రెండు విధాల రావచ్చు. ఎదుటివాడు బెదిరి పడేయవచ్చు, లేదా ముక్కలు తెరిచాక తనవే మేలు కావచ్చు. ఒప్పుకున్నవాడికి రెండవ దారి ఒక్కటే. అందుచేత ఒప్పుకోవడానికి ముక్కలు మరింత బలంగా ఉండాలని డేవిడ్ స్క్లాన్‌స్కీ 2002లో టోర్నమెంట్ల మీద వ్రాసిన పుస్తకంలో నొక్కి చెప్పాడు.

ఈ లెక్కలన్నీ చాలాకాలం కొద్దిమంది సొత్తు. 10,000 డాలర్లు కట్టలేనివారి కోసం చిన్న పోటీలు పెట్టి, గెలిచినవారికి పెద్ద పోటీలో చోటు యిచ్చే పద్ధతి వచ్చింది. 1983లో టామ్ మెకెవాయ్ అలా వచ్చి ప్రపంచ పోటీ గెలిచిన మొదటివాడు. 1998 జనవరి 1న నిజమైన డబ్బుతో ఇంటర్నెట్‌లో పోకర్ మొదలైంది. 2003లో టెనెసీ రాష్ట్రానికి చెందిన అకౌంటెంటు క్రిస్ మనీమేకర్ 86 డాలర్లు కట్టి ఇంటర్నెట్ పోటీలో చోటు సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. మరుసటి ఏడు చేరినవారు 2,576. 2006లో 8,773. 2023లో పదివేలు దాటారు. మా మేనల్లుడికి మనీమేకర్ పేరు నోటికి వచ్చు. ఆ ఏడు ఓడిన 838 మందిలో ఎందరి పేర్లు తెలుసునని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇంటర్నెట్ ఆటను మూడు విధాల మార్చింది. మొదటిది వేగం. బల్ల దగ్గర గంటకు ముప్ఫై ఆటలు పడితే తెర మీద దానికి రెట్టింపు పడతాయి. పైగా నాలుగైదు బల్లలు ఒకేసారి. రెండవది జ్ఞానం. లక్షల ఆటలు నమోదై ఉండడంతో యంత్రాలే మేలైన ఎత్తు ఏదో చెప్పసాగాయి. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు, ఫేస్‌బుక్ వారు కలిసి చేసిన ప్లూరిబస్ అనే కార్యక్రమం ఆరుగురి ఆటలో ఆరితేరిన వృత్తి ఆటగాళ్ళను ఓడించింది. అందరూ ఒకే పాఠం చదివినప్పుడు ఒకరికి మరొకరి మీద ఉండే పైచేయి పలచబడుతుంది. నడిపేవారు పట్టుకునే రుసుము మాత్రం పలచబడదు. మూడవది గుంపు. వేల మంది చేరిన పోటీలో నూటికి పదిహేనుగురికి మించి డబ్బు దక్కడం అరుదు. ఆ డబ్బులోనూ పెద్ద భాగం చివరి బల్ల వారిది. నిజంగా నేర్చినవాడు కూడా నెలల తరబడి వట్టి చేతులతో లేవవలసి వస్తుంది. తనది నేర్పులోపమా, కాలం కలిసిరాకనా అన్నది వాడికీ తెలియదు.

నేర్పా అదృష్టమా అన్న ప్రశ్న మన సికింద్రాబాదు నుంచే ఢిల్లీ వరకు వెళ్ళింది. అక్కడి ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారి మీద పెట్టిన కేసులో 1968లో భారత సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, పేర్చుకోవాలి గనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అనీ, మూడు ముక్కలాట వంటిది కాదనీ అన్నది. అదే తీర్పులో, పందెం ఆట మీద నడిపేవాడు లాభం తీస్తే మాత్రం నేరం కావచ్చుననీ చెప్పింది. మొదటి మాట అందరికీ గుర్తుంది, రెండవది మరిచారు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్నెట్ పందేల ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు నేర్పు, అదృష్టం అనే తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఇంటర్నెట్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో 2011 ఏప్రిల్ 15న ప్రభుత్వం మూడు పెద్ద సంస్థల అధిపతుల మీద నేరారోపణ చేసింది. కొందరు ఆటగాళ్ళ డబ్బు ఏళ్ళ తరబడి చిక్కుకుపోయింది. 2013 నుంచి కొన్ని రాష్ట్రాలు తమ తమ చట్టాలతో మళ్ళీ అనుమతించాయి.

చట్టాల సంగతి అలా ఉంచుదాం. నాకు ముఖ్యమనిపించిన మార్పు మరొకటి. 1971 నాటి పద్ధతిలో ఒక గొప్ప గుణం ఉంది. నష్టానికి హద్దు ముందే తెలుసు. కట్టినది పోతుంది, అంతకు మించి పోదు. కాలక్రమాన, ఓడినవాడు మళ్ళీ రుసుము కట్టి అదే పోటీలో తిరిగి చేరే వీలు కల్పించారు. తెర మీద ఒక్క మీట నొక్కితే చాలు. హద్దు చెరిగిపోయింది.

భారతం చదివినవారికి ఇది తెలిసిన కథే. ధర్మరాజు మొదటి జూదంలో అన్నీ పోగొట్టుకున్నాడు. ద్రౌపది వల్ల అన్నీ తిరిగి వచ్చాయి. ఇంద్రప్రస్థం దారి పట్టినవాణ్ణి మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అరణ్యవాసం తెచ్చిపెట్టింది ఆ రెండవసారి కూర్చోవడమే. నలుడూ ఓడినవాడే. కాని అతడు వెంటనే తిరిగి రాలేదు. చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కించగల ఋతుపర్ణుని దగ్గర అక్షహృదయం నేర్చి, అప్పుడు పుష్కరుణ్ణి పిలిచాడు. ఒక్క ఆటతో రాజ్యం రాబట్టుకుని లేచాడు. ఆ కథ అరణ్యంలో ధర్మరాజుకు చెప్పి, అక్షహృదయం కూడా నేర్పినవాడు బృహదశ్వ మహర్షి. తర్వాత విరాటుని కొలువులో కంకుభట్టుగా పాచికలాడింది ఆ విద్యతోనే.

ఇదంతా మొన్న మా మేనల్లుడికి చెప్పి, ఒక తెల్ల కాగితం యిచ్చాను. ఏడాదిలో కట్టిన రుసుములు ఒక వరుస, వచ్చిన బహుమతులు ఒక వరుస వేయమన్నాను. రుసుముల్లో మొదటిసారి కట్టినవి వేరు, ఓడాక మళ్ళీ కట్టినవి వేరు. రెండు గంటలు పట్టింది వాడికి. కాగితం నా చేతికి యివ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండోసారి కట్టినవి లేకపోతే నష్టం లేదు మామయ్యా" అన్నాడు.

ఆ మాట వాడంతట వాడే లెక్క వేసి చెప్పాడు. సంక్రాంతి విందుకు వాడిని మా 201 పూలులో కూర్చోబెట్టుకుందామని మిగతా ముగ్గురినీ అడుగుతున్నాను. పందెం మామూలే. ఓడినవారు అందరికీ కాఫీ కలపాలి. మళ్ళీ చేరడాలు లేవు.