పెళ్లి వద్దన్నవారే తలుపు తీశారు

అమెరికాలో రిఫార్మ్ శాఖ యూదుల సినగాగుల్లో (ప్రార్థనాలయాల్లో) యూదులు కాని భార్యలూ భర్తలూ ఇవాళ మామూలుగా కనిపిస్తారు. ఆ శాఖ మొదటినుంచీ ఉదారంగా ఉంది కాబట్టే ఇలా జరిగిందని చాలామంది అనుకుంటారు. కానీ తలుపు తీసింది ఆ పెళ్లిళ్లను కాదన్నవారే. మతాంతర వివాహం యూదు సంప్రదాయానికి విరుద్ధమని రిఫార్మ్ రబ్బీల (మతగురువుల) సంఘం 1909లోనే తీర్మానించింది. 1973లో అట్లాంటాలో అలాంటి పెళ్లిళ్లు జరిపించవద్దని మళ్లీ చెప్పింది, మాట వినని రబ్బీలను మాత్రం వెళ్లగొట్టలేదు. బయటివారిని చేసుకున్న బిడ్డ చనిపోయినట్టే లెక్కగట్టి సంతాపం పాటించిన కుటుంబాలు కూడా ఉండేవి. అలాంటి వాతావరణంలో 1978 డిసెంబరులో హ్యూస్టన్‌లో రిఫార్మ్ సినగాగుల సమాఖ్య అధ్యక్షుడు రబ్బీ అలెగ్జాండర్ షిండ్లర్ ఒక గీత గీశారు: ఆ పెళ్లిని వ్యతిరేకించడం వేరు, పెళ్లయిపోయిన మనుషులను దూరం పెట్టడం వేరు.

ఆయన చూపు ముఖ్యంగా పిల్లలమీద ఉంది. సంప్రదాయ ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. 1983లో రిఫార్మ్ రబ్బీలు తండ్రి యూదు అయినా చాలన్నారు, అయితే ఆ బిడ్డ యూదు జీవితంలో బహిరంగంగా పాలుపంచుకోవాలన్నారు. దాంతో మతబడికి పిల్లల్ని తీసుకెళ్లే క్రైస్తవ తల్లి అవసరం సినగాగుకే ఎక్కువైంది. చిక్కు బిడ్డ యుక్తవయసు వేడుక అయిన బార్ మిట్జ్వా రోజున బయటపడేది. చాలా చోట్ల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టను తాతలు తల్లిదండ్రులకూ, వారు బిడ్డకూ అందిస్తారు. ఆ వరుసలో ఈ తల్లి నిలబడాలా? తోరా పఠనానికి ముందు చెప్పే దీవెనలో దేవుడు మమ్మల్ని ఎన్నుకున్నాడన్న మాట ఉంటుంది, అది ఆమె ఎలా పలుకుతుంది? కొన్ని సినగాగులు భర్త పక్కన మౌనంగా నిలబడమన్నాయి, కొన్ని వేరే ప్రార్థన ఇచ్చాయి. 2004లో ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ ఉదయం కాలిఫోర్నియాలోని లాస్ ఆల్టోస్ హిల్స్‌లో రబ్బీ జానెట్ మార్డర్ ఇలాంటి భార్యాభర్తలందరినీ వేదికమీదికి పిలిచి, కృతజ్ఞతలు చెప్పి, యాజక ఆశీర్వాదం ఇచ్చారు. ఒకరి తల్లిగానో తండ్రిగానో కాక వారిని వారిగా పలకరించడం అక్కడ కనిపిస్తుంది.

ఆదరిస్తే ఇలాంటి పెళ్లిళ్లు పెరుగుతాయన్నది విమర్శకుల వాదన. అమెరికా యూదులమీద జరిగిన 1990 జాతీయ సర్వే అప్పటి కొత్త పెళ్లిళ్లలో 52 శాతం మతాంతరమని చెప్పినప్పుడు (తర్వాత ఆ అంకెను 43కి సవరించారు) వారి గొంతు పెరిగింది. కానీ ఆ పెరుగుదల షిండ్లర్ ప్రసంగానికి ముందే మొదలైంది, అప్పటికి 1909 తీర్మానం అమల్లోనే ఉంది. కాలేజీల్లో, ఉద్యోగాల్లో కుదిరే సంబంధాలను సినగాగు తీర్మానం ఆపలేదు. ఒడంబడికతో ముడిపడిన సమాజానికి హద్దులు చెరిగిపోతాయన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. దానికి బైబిల్లోని రూతు కథను జవాబుగా చూపడం సరికాదు. మోయాబీయురాలైన రూతు తన అత్త నయోమి దేవుణ్ణి స్వీకరించింది, కాబట్టి ఆమె మతం మారినవారికే ఆదర్శం. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నేటి టర్కీలోని అఫ్రోడిసియాస్ శిలాశాసనం. దానిమీద యూదుల పేర్లతోపాటు, యూదులు కాకపోయినా వారితో కలిసి నడిచిన ‘దైవభక్తుల’ పేర్లు విడి జాబితాగా చెక్కి ఉన్నాయి, వారిలో నగరసభ సభ్యులూ ఉన్నారు. వారు ఎవరి భార్యాభర్తలో శాసనం చెప్పదు. అయినా, హద్దు ఉంచుకుంటూనే పక్కన చోటివ్వడం ఆ సమాజానికి చేతనైంది. యూదుల్లోనే మరో శాఖ అయిన కన్జర్వేటివ్ శాఖ 2017లో చేసింది దాదాపు ఇదే: యూదులు కానివారికి సభ్యత్వం ఇవ్వాలో వద్దో ఏ సినగాగుకా సినగాగు తేల్చుకోవచ్చంది, ఆ పెళ్లిళ్లు జరిపించకూడదన్న నిషేధం మాత్రం తన రబ్బీలమీద అలాగే ఉంచింది. రిఫార్మ్ వారి రబ్బీ విద్యాలయం ఇంకో అడుగు వేసి, జీవిత భాగస్వామి యూదు కాని విద్యార్థులకు కూడా 2024లో ప్రవేశానికి వీలు కల్పించింది.