కంచె లోపలి బూడీ

కంగారూ చుట్టాల్లో బొరియలు తవ్వుకుని గుంపుగా కాపురముండేది బూడీ ఒక్కటే. కిలో పైచిలుకు తూగే ఈ సంచి జంతువు రాత్రిపూట దుంపలకూ, చెదలకూ, నేలలో పెరిగే శిలీంధ్రాలకూ మట్టి తవ్వుతుంది. ఎండు నేలలో ఆ గుంతల్లోనే వాననీరు ఇంకి, గింజలు మొలకెత్తుతాయి. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో చాలాభాగం పరుచుకుని ఉన్న ఈ జాతి 20వ శతాబ్దం నడిమికల్లా ప్రధాన భూభాగం మీద పూర్తిగా కనుమరుగైంది. పంటలు పాడుచేస్తుందని వలస రైతులు మందుపెట్టి చంపారు. 1859లో విక్టోరియాలో వదిలిన కుందేళ్లు మేతకు పోటీ వచ్చాయి. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ, వేట సరదాకు తెచ్చిన ఎర్ర నక్కదీ, ఇల్లు వదిలి అడవిపట్టిన పిల్లిదీ. నక్క చేరని బర్నియర్, డోర్, బారో, బూడీ దీవుల్లో మాత్రం ఈ జాతి మిగిలింది.

సంరక్షణ ఈ దీవుల నుంచే మొదలైంది కాబట్టి, దాని ఆలోచన కూడా దీవి ఆలోచనే అయింది: శత్రువును దూరంగా పెడితే చాలు. అదీ ఎంత బలహీనమో 1985లో తెలిసింది. బూడీ పేరే పెట్టుకున్న చిన్న దీవిలో ఎలుకలకు పెట్టిన విషం అక్కడి బూడీలన్నిటినీ తుడిచేసింది. 1993లో బారో నుంచి మళ్లీ తెచ్చి వదలాల్సి వచ్చింది. ఈలోగా 1992లో షార్క్ బే దగ్గర ద్వీపకల్పం మెడకు కంచె కట్టి ప్రధాన భూభాగానికి తిరిగి తెచ్చారు. తర్వాత దక్షిణ ఆస్ట్రేలియాలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గరి ఎరిడ్ రికవరీ అనే కంచె వేసిన రక్షిత ప్రాంతంలో 1999 నుంచి వదిలిన కొద్దిపాటి బూడీలు వేలకు చేరి, చివరికి పొదలనే తినేసే స్థితికి వచ్చాయి. కంచె చావును ఆపింది, బూడీ తిరిగి తన నేలకు వెళ్లే దారిని మాత్రం తెరవలేదు. కంచె బయట వదిలిన బూడీలు నిలవలేదు. శత్రువును చూడని తరాలకు బెదురు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే ఎరిడ్ రికవరీ పరిశోధకులు కంచె లోపలే కొద్ది పిల్లుల్ని ఉంచి చూశారు. వాటి మధ్య పెరిగిన బూడీలు జాగ్రత్త పడసాగాయి. కాపాడాల్సినవాళ్లే పిల్లికి అప్పగించడమా అన్న అభ్యంతరం తేలిగ్గా తోసేయదగ్గది కాదు. అయితే లోపల పచ్చదనం తరిగి ఆకలితో చావడమూ చావే. పైగా దీవుల్లో, వేరే కంచెల్లో భద్రమైన గుంపులున్నాయి గనక జాతి మొత్తాన్ని పణంగా పెట్టినట్టు కాదు. నక్క ముందు ఏ జాగ్రత్తా సరిపోదన్న వాదనలో నిజముంది. అందుకే నక్కల అదుపు ఆగకూడదని నేనూ అంటాను. కాని ఒక్క నక్కా, పిల్లీ మిగలని రోజు కోసం ఎదురుచూస్తే, అన్ని తరాలూ బూడీకి భయం తెలియకుండానే గడుస్తాయి.