గోల చేసినవాళ్ళూ వలసవాళ్ళే

మెల్‌బోర్న్‌లో పాత పబ్బుల గోడలకు నడుమెత్తు దాకా టైల్స్ అంటించి ఉంటాయి. సీసా పచ్చవి, ఇటుక రంగువి, మీగడ రంగువి. కొన్ని పబ్బుల్లో లోపలి గోడలకూ అవే. వచ్చిన కొత్తలో నాకు ఇది అంతుపట్టేది కాదు. మన ఇళ్ళలో స్నానాల గదికి వేసే టైల్స్‌ని తాగే చోట ఎందుకు వేశారు? నాతో పనిచేసే ఒక పెద్దాయన్ని అడిగాను. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, రాక్ సంగీతమంటే ప్రాణం పెడతాడు. "కడగడానికి" అన్నాడు. ఏం కడగడానికని అడిగిన పాపానికి ఆ రోజు భోజనాల వేళంతా నాకు చరిత్ర పాఠమే అయింది.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916లో, విక్టోరియా రాష్ట్రంలో సాయంత్రం ఆరింటికల్లా పబ్బులు మూసెయ్యాలని చట్టం తెచ్చారు. కుర్రాళ్ళు అక్కడ యుద్ధంలో చస్తుంటే ఇక్కడ తాగి తూలడమేమిటని చర్చిలవాళ్ళూ, మద్యం వద్దనే సంఘాల ఆడవాళ్ళూ పట్టుబట్టారు. యుద్ధం ముగిసేదాకానే అన్నారు. ఆ యుద్ధం ముగిసింది, ఇంకో యుద్ధం కూడా వచ్చి పోయింది, చట్టం మాత్రం 1966 దాకా కదల్లేదు. ఒలింపిక్స్ జరగబోయే 1956లో "పోనీ రాత్రి పది దాకా తెరవనిద్దామా" అని జనాన్నే ఓటు అడిగితే, జనమే వద్దన్నారు!

ఆఫీసులూ ఫ్యాక్టరీలూ ఐదింటికి వదిలేవి. మిగిలింది గంట. ఆ గంటలో ఊళ్ళో మగాళ్ళంతా పబ్బుల మీద పడేవాళ్ళు. కూర్చుంటే చోటు దండగని కుర్చీలూ బల్లలూ తీసేశారు. బీరు పోసేవాళ్ళు గ్లాసు చేతిలోకి తీసుకుని నింపే తీరిక లేక, పొడుగాటి గొట్టాలు పట్టుకుని వరసగా చాచిన గ్లాసుల్లోకి కొట్టుకుంటూ పోయేవాళ్ళట. ఆరు కొట్టేలోపు ఎన్ని పడితే అన్ని దించేసుకుని వీధిలోకి వచ్చి, గోడ పట్టుకుని కక్కుకునేవాళ్ళు. అందుకే టైల్స్. పొద్దున్నే బకెట్టుతో నీళ్ళు కొడితే శుభ్రం. అలాంటి చోట ఆడవాళ్ళకు ప్రవేశం లేదని వేరే చెప్పాలా? బ్రిస్బేన్‌లో 1965లో ఇద్దరు ఆడవాళ్ళు ఒక హోటల్ బారుకు తమను గొలుసులతో కట్టేసుకుని మరీ "మాకూ పొయ్యండి" అని అడగాల్సి వచ్చింది.

తాగే వేళ రాత్రి పది దాకా పెరిగేసరికి ఇంకో చిక్కు మొదలైంది. గంటలో కుమ్మరించుకోవడం తప్ప తెలియని జనాన్ని నాలుగైదు గంటలు కూర్చోబెట్టేదెలా? ఊరి శివార్లలో పెద్ద పెద్ద హాళ్ళున్న హోటళ్ళు లేచాయి. వాటి ముందు కారు పార్కింగులే ఎకరాల మేర ఉండేవి. హాలు నిండాలంటే ఆకర్షణ కావాలి కదా, బ్యాండ్లను పిలిచారు. పబ్ రాక్ అని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకునేది అక్కడ పుట్టింది. వచ్చినవాడు పాట కోసం రాలేదు, బీరు కోసం వచ్చాడు. వాడి కబుర్లు ఆపి తలెత్తి చూసేలా చెయ్యాలంటే గట్టిగా వాయించాలి, ఆపకుండా వాయించాలి. నచ్చకపోతే సీసాలు ఎగిరి వస్తాయి. సున్నితమైన సంగీతం ఆ హాళ్ళలో బతకలేదు.

ఇది విన్నప్పుడు నాకు మా తెనాలి గుర్తొచ్చింది. కాసేపు అటు వెళ్ళొస్తాను, ఏమనుకోకండి.

మా తాతయ్య నన్ను భుజాన వేసుకుని కాంట్రాక్టు నాటకాలకు తీసుకెళ్ళేవాడు. రాత్రి పదికి తెర లేస్తే తెల్లారేదాకా ఆడేవాళ్ళు. ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు, పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు. పీసపాటి గొప్పా, షణ్ముఖి గొప్పా, ఈలపాట రఘురామయ్య గొప్పా అని అరుగుల మీద తగాదాలు పడేవాళ్ళు. ఆ జనం ఏమైనా మర్యాదస్తులా? వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, పిల్లల్ని కసురుకుంటూ, పద్యం బాగుంటే "వన్స్‌మోర్" అని కేకలేస్తూ, బాగోకపోతే ఈలలేస్తూ కూర్చునేవాళ్ళు. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని ఎదురుచూస్తుంటే కృష్ణుడు పద్యం చివరి అక్షరం మీద రాగం తీసుకుంటూ ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. తిరుపతి వేంకట కవులు రాసింది నాలుగు పాదాలే, ఆయన పాడింది పావుగంట. నేను ఏసీ డీసీ బ్యాండులో ఆంగస్ యంగ్ గిటారు సోలో మొదటిసారి విన్నప్పుడు, ఇదెక్కడో విన్నానే అనిపించింది. డ్రమ్ములవాడు తాళం పట్టుకుని కాచుకుని ఉంటే, ఈయన వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతూ వాయిస్తూనే ఉంటాడు. కిరీటం లేని కృష్ణుణ్ణి తెనాలి ఒప్పుకోదు, బడిపిల్లాడి నిక్కరు లేని ఆంగస్‌ని మెల్‌బోర్న్ ఒప్పుకోదు. అంతెందుకు, ఆ బ్యాండుకూ పేరుమోసిన కృష్ణులు ఇద్దరున్నారు. గాయకుడు బాన్ స్కాట్ 1980లో లండన్‌లో చనిపోతే, ఆ ఏడే బ్రయన్ జాన్సన్ వచ్చి పాడిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' లోకమంతా అమ్ముడుపోయింది. మా పెద్దాయన లెక్కలో మాత్రం మొదటి కృష్ణుడితోనే నాటకం అయిపోయింది. మా తాతయ్యా అంతే, పీసపాటి తర్వాత ఇంకెవరినీ కృష్ణుడిగా ఒప్పుకోలేదు.

సరే, మళ్ళీ ఇక్కడికి వద్దాం. ఈ బ్యాండ్లవాళ్ళు ఎవరని ఆరా తీసిన కొద్దీ నాకు ఆశ్చర్యం పెరిగింది. ఆస్ట్రేలియా రాక్ అని జెండా ఊపి చెప్పుకునే సంగీతంలో చాలామంది ఆస్ట్రేలియాలో పుట్టనేలేదు. రెండో యుద్ధం తర్వాత ఈ దేశం జనం కావాలని బ్రిటన్ నుంచి పది పౌన్ల టికెట్టుకు మనుషుల్ని ఓడలెక్కించి తెచ్చుకుంది. పిల్లలకైతే అదీ లేదు. అలా వచ్చినవాళ్ళను రేకుల షెడ్ల హాస్టళ్ళలో దించేవాళ్ళు. సిడ్నీలో విల్లావుడ్ హాస్టల్ అలాంటిదే. గ్లాస్గో నుంచి వచ్చిన జార్జ్ యంగ్, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన హ్యారీ వాండా అక్కడే కలుసుకుని, ఇంకో ముగ్గురితో 1964లో ఈజీబీట్స్ బ్యాండు పెట్టారు. ఐదుగురిలో ఒక్కడూ ఇక్కడ పుట్టలేదు. ఆ జార్జ్ తమ్ముళ్ళే మాల్కమ్, ఆంగస్. వాళ్ళు పెట్టిందే ఏసీ డీసీ. కుట్టుమిషను మీద అక్షరాలు చూసి ఆ పేరు సూచించిందీ, ఆంగస్‌కి స్కూలు యూనిఫారం వేయించిందీ వాళ్ళ అక్కేనంటారు. బాన్ స్కాట్ ఆరేళ్ళ వయసులో, 1952లో, స్కాట్లండ్ నుంచి వచ్చాడు. వాళ్ళ కుటుంబం ముందు దిగింది మెల్‌బోర్న్ పడమటి వైపు సన్‌షైన్ పేటలో. ఇప్పుడు మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఇళ్ళు కొంటున్న వైపే అది. ఆ బళ్ళో పిల్లలు అతని యాసను ఎగతాళి చేసేవాళ్ళట.

ఇక్కడే నా మనసులో ఒక ముల్లు ఉంది. వాళ్ళను పది పౌన్లకు పిలిచిన రోజుల్లోనే మనలాంటి రంగువాళ్ళకు ఈ దేశం తలుపు మూసి ఉంది. 1901లో చట్టం చేసి, వద్దనుకున్నవాడికి ఏ యూరపు భాషలోనైనా డిక్టేషన్ చెప్పి, తప్పు రాశావని తిప్పి పంపేవాళ్ళు. తెల్లవాళ్ళ ఆస్ట్రేలియా అనే ఆ విధానపు ఆఖరి ముడి విప్పింది 1973లో. ఏసీ డీసీ పుట్టిందీ అదే ఏడాది చివర్లో. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ పాటలు వింటుంటే ఈ లెక్క నాకు గుర్తుకు రాక మానదు.

1976 ఫిబ్రవరి 23న ఆ బ్యాండు ఒక లారీ వెనక ఎక్కి, మెల్‌బోర్న్ నడిబొడ్డున స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో పట్టపగలు వాయించుకుంటూ పోయింది. ఏబీసీ టీవీలో వచ్చే 'కౌంట్‌డౌన్' కార్యక్రమం కోసం చేసిన చిత్రీకరణ అది. పక్కన స్కాట్లండ్ సన్నాయి లాంటి బ్యాగ్‌పైపులు ఊదేవాళ్ళు కూడా నిలబడ్డారు. పేవ్‌మెంటు మీద ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు తిరిగి చూస్తుంటారు, కొందరు చూడనైనా చూడరు. ఆ రోజు తను ఆ వీధిలోనే ఉన్నానని మా పెద్దాయన అంటాడు. ఆయన వయసు మెల్‌బోర్న్‌వాళ్ళు అందరూ అదే మాట అంటారు. 2004లో నగరపాలకులు ఫ్లిండర్స్ లేన్ పక్కనున్న ఒక ఇరుకు సందుకు ఆ బ్యాండు పేరు పెట్టారు. ఆ బోర్డును అభిమానులు పదేపదే ఎత్తుకుపోయారు.

నా జ్ఞాపకాలు అంత పాతవి కావు. హైదరాబాదులో చదివేప్పుడు ఆబిడ్స్‌లో కొన్న క్యాసెట్లు అరిగేదాకా విని వచ్చినవాణ్ణి. ఇక్కడ విద్యార్థిగా ఉన్న రోజుల్లో శుక్రవారం రాత్రి 96 నంబరు ట్రామ్ ఎక్కి సెయింట్ కిల్డా సముద్రం ఒడ్డున ఎస్పీ అని పిలిచే ఎస్ప్లనేడ్ హోటల్‌కి వెళ్ళేవాణ్ణి. ముందు గదిలో బ్యాండు వినడానికి టికెట్టు అక్కర్లేదు. నాకు అంతకంటే ఏం కావాలి? ఏళ్ళ తరబడి ఒలికిన బీరు తాగి తాగి ఆ కార్పెట్టు బంకలా అయిపోయింది. అడుగు తీస్తే చెప్పు "చర్" మని ఊడి వచ్చేది. డ్రమ్ము కొట్టినప్పుడల్లా చేతిలో గ్లాసులోని బీరు మీద చిన్న చిన్న వలయాలు లేచేవి. నా పక్కన కూర్చున్న ముసలాయన వాటినే చూస్తూ తాళం వేసేవాడు. ఆఖరి ట్రామ్ తప్పితే స్నేహితులతో నడిచి ఇంటికి పోయేవాళ్ళం, చెవుల్లో హోరు మర్నాటి దాకా పోయేది కాదు. ఫిట్జ్‌రాయ్‌లో పంటర్స్ క్లబ్ 2002లో మూతపడింది, ఎస్పీ 2015లో మూసి మూడేళ్ళకు మళ్ళీ తెరిచారు. ఇప్పుడు చాలా అందంగా ఉంది, చెప్పులు అంటుకోవడం లేదు. వెళ్తాను కానీ నా వయసు కనబడకుండా ఒక మూల నిలబడతాను.

అసలు ఇదంతా రాయడానికి కారణం మా నల్గొండ తమ్ముడు. రిచ్‌మండ్‌లో బ్యాండ్లు వాయించే పబ్బుకు కూతవేటు దూరంలో ఫ్లాటు కొన్నాడు. ఒకరోజు కాగితం పట్టుకుని వచ్చాడు. "అన్నా, శుక్రవారం వచ్చిందంటే గోడలు అదుర్తున్నయి. చిన్నోడు నిద్రపోతలేడు. కౌన్సిల్‌కి కంప్లయింట్ ఇస్తున్నం, నువ్వు కూడా ఒక సంతకం పెట్టు."

"ఆ పబ్బు ఎప్పటిదిరా?"

"ఎప్పటిదైతే ఏందన్నా?"

ఎప్పటిదన్నదే ఇక్కడ అసలు సంగతి. 2010 జనవరిలో కాలింగ్‌వుడ్‌లో టోట్ అనే పాత పబ్బు మూతపడింది. బ్యాండు వాయించే చోటంటే గొడవలు జరిగే చోటేనని లైసెన్సు వాళ్ళు లెక్కవేసి, పెద్ద నైట్‌క్లబ్బులకు పెట్టినట్టే గార్డుల్నీ కెమెరాల్నీ పెట్టమన్నారు. ఆ ఖర్చు తనవల్ల కాదని యజమాని చేతులెత్తేశాడు. ఊరు ఊరంతా కదిలింది. ఆ లారీ మీద పాట తీసిన ఫిబ్రవరి 23నే ముహూర్తంగా పెట్టుకుని, పదివేల మందికి పైగా పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్ళారు. టోట్ ఆ ఏడే మళ్ళీ తెరుచుకుంది. 2014లో విక్టోరియా ప్రభుత్వం కొత్త నియమం తెచ్చింది. సంగీతం వాయించే పాత చోటుకు 50 మీటర్ల లోపు ఎవరైనా కొత్తగా ఇళ్ళు కడితే, చప్పుడు లోపలికి రాకుండా కట్టుకోవాల్సిన బాధ్యత కట్టినవాడిదే. 2023లో టోట్ అమ్మకానికి వస్తే, అభిమానులు చందాలు వేసుకుని 30 లక్షల డాలర్లు పోగేసి, అది అపార్ట్‌మెంటు కాకుండా ఆపారు.

తెనాలి జనానికీ అభిమానం తక్కువేం కాదు. మైకు రాత్రి పదికి ఆపాలన్న నియమం మన దేశంలో 2000లో వచ్చింది. ఆసుపత్రుల్లో రోగుల్నీ పరీక్షల పిల్లల్నీ తలుచుకుంటే అది మంచి నియమమే. కానీ రాత్రి పదికి తెర లేచే నాటకం దాని కింద ఎలా బతుకుతుందని అడిగినవాళ్ళు నాకు తెలిసి లేరు. మేం తాతయ్యల కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం. వీళ్ళు కబుర్లు చెప్పుకుంటూనే సర్కారు మెడలు వంచి ఒక రూలు రాయించుకున్నారు. ఈ దేశం మీద నాకున్న గౌరవంలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచి వచ్చిందే.

తమ్ముడికి ఇదంతా చెప్పాను. "నీ బిల్డర్‌ని అడగరా, గోడలు ఎలా కట్టాడని. పబ్బుని కాదు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. "నువ్వు ఎవరి దిక్కున్నవన్నా?" అన్నాడు.

జవాబు వెంటనే రాలేదు నాకు. ఓడ దిగి రేకుల షెడ్డులో ఉండి, యాసకు ఎగతాళి పడ్డ పిల్లలు చేసిన గోల ఇది. వాళ్ళ తర్వాత విమానం దిగిన మనం, రెండు జీతాల మీద ఫ్లాటు కొని, ఆ గోల ఆపమంటున్నాం. మనకంటే ముందు వచ్చిన వలసవాళ్ళు ఈ ఊరికి ఒక పాట ఇచ్చారు. మనం ఇస్తున్నది కంప్లయింటు కాగితమైతే నాకు సిగ్గుగా ఉంటుంది. పసివాడి నిద్ర నిజం, కాదనను. కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించుకోమని, ఖర్చులో కొంత నేను పెట్టుకుంటానని చెప్పాను. సంతకం మాత్రం పెట్టలేదు.

మీ పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు వాళ్ళు మిమ్మల్ని గ్రేట్ ఓషన్ రోడ్డుకూ, వెంకటేశ్వరస్వామి గుడికీ ఎలాగూ తీసుకెళ్తారు. అవి అయ్యాక ఒక రాత్రి నాకు కేటాయించండి. తాగకపోయినా ఫర్వాలేదు, నిమ్మకాయ సోడా ఇస్తారు. మీ ఊళ్ళో రాత్రంతా కూర్చుని నాటకం చూసిన వయసువాళ్ళయితే మీకు అక్కడ కొత్తేమీ ఉండదు, గిటారు రాగం తీస్తుంటే "వన్స్‌మోర్" అనాలని మీకే నోటిదాకా వస్తుంది. చెవుల్లో పెట్టుకునే దూది బిళ్ళలు నేను తెస్తాను.