భారతదేశంలో బ్యాడ్మింటన్ వికాసం: కోనసీమ వైపు నుంచి ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• భారతదేశంలో బ్యాడ్మింటన్ ఏయే దశల్లో విస్తరించిందో వివరించగలుగుతారు.
• బాల్ బ్యాడ్మింటన్, షటిల్ బ్యాడ్మింటన్‌ల మధ్య ఉన్న సామాజిక వ్యత్యాసాన్ని గుర్తించగలుగుతారు.
• ఒక క్రీడ ఎదుగుదలలో వ్యక్తి, సంస్థ, కుటుంబం పోషించే పాత్రలను బేరీజు వేయగలుగుతారు.

1. పరిచయం

ఆత్రేయపురం అనగానే మనకు పూతరేకులు గుర్తుకొస్తాయి. గోదావరి మధ్య డెల్టాకు ఎగువ కొసన ఉన్న ఈ మండలం పక్కనే రావులపాలెం ఉంది. అక్కడి నుంచి ఇంకా దిగువకు వెళితే కోనసీమ జిల్లా కేంద్రమైన అమలాపురం వస్తుంది. ఈ ప్రాంతానికీ బ్యాడ్మింటన్‌కూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు.

2022 మే 15న బ్యాంకాక్‌లో భారత పురుషుల జట్టు ఇండోనేషియాను 3-0తో ఓడించి తొలిసారి థామస్ కప్ గెలుచుకుంది. ఆనాటి రెండో మ్యాచ్‌లో చిరాగ్ శెట్టితో కలిసి గెలిచిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ అమలాపురం వాసి. మూడో మ్యాచ్ గెలిచి కప్పు ఖాయం చేసిన కిదాంబి శ్రీకాంత్ పుట్టింది రావులపాలెంలో, పెరిగింది గుంటూరులో.

ఒకే డెల్టాతో సంబంధం ఉన్న ఇద్దరు ఆ రోజు కోర్టులో ఉండటం యాదృచ్ఛికమా, లేక దాని వెనుక ఒక చరిత్ర ఉందా? ఈ ప్రశ్నతోనే పాఠాన్ని మొదలుపెడదాం.

2. క్లబ్బుల ఆట

19వ శతాబ్దంలో బ్రిటిష్ సైనికాధికారులు మన దేశంలోని కంటోన్మెంట్లలో నెట్ కట్టి ఈ ఆట ఆడేవారు. పూనా పట్టణం పేరుమీదుగా దీనికి 'పూనా' అనే పేరు కూడా ఉండేది. సెలవుపై స్వదేశం వెళ్లిన అధికారులు ఆటను వెంట తీసుకుపోయారు. 1873 ప్రాంతంలో అక్కడి బ్యూఫోర్ట్ డ్యూక్ నివాసమైన బ్యాడ్మింటన్ హౌస్ పేరు ఆటకు స్థిరపడింది. 1893లో ఇంగ్లండులో బ్యాడ్మింటన్ సంఘం ఏర్పడింది. 1899లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు ప్రారంభమయ్యాయి.

1934లో అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య ఏర్పడింది. దాని తొమ్మిది స్థాపక సభ్య దేశాలలో భారతదేశం లేదు. మన దేశంలో బ్యాడ్మింటన్ సంఘం కూడా ఆ సంవత్సరమే ఏర్పడింది. ఆట రూపుదిద్దుకోవడంలో ఈ నేలకు పాత్ర ఉన్నా, నియమాలు చేసే అధికారం వేరే చోట ఉండిపోయింది. వలస పాలనలో పరిశ్రమలకూ విద్యకూ జరిగినదే ఆటకూ జరిగిందని మీరు గమనించాలి.

3. ఉన్ని బంతి, ఈకల షటిల్

నా తరంవారు పల్లెటూళ్లలో 'బ్యాడ్మింటన్' అంటే ఎక్కువగా బాల్ బ్యాడ్మింటన్ అనే అర్థం చేసుకునేవారు. ఇది ఉన్ని బంతితో ఆరుబయట ఆడే ఆట. జట్టుకు అయిదుగురు, కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. చదును చేసిన మట్టి నేల, రెండు స్తంభాలు, ఒక నెట్ ఉంటే బడి ఆవరణలోనే ఆడుకోవచ్చు. వరంగల్లుకు చెందిన జె. పిచ్చయ్యకు 1970లో ఈ ఆటలో అర్జున అవార్డు లభించింది.

షటిల్ సంగతి వేరు. పోటీల్లో వాడే షటిల్‌కు 16 ఈకలుంటాయి. దాని బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. ఇంత తేలికైన వస్తువు కొద్దిపాటి గాలికే దారి తప్పుతుంది. అందుకే పోటీ ఆటకు నాలుగు గోడలు, ఎత్తైన కప్పు, మంచి వెలుతురు కావాలి. ఈకలు త్వరగా విరుగుతాయి కనుక షటిళ్లను తరచు మార్చాలి.

ఒక ఆట ఎవరికి అందుతుందో నిర్ణయించడంలో ఆసక్తితో పాటు ఆట పరికరానికీ, ఆడే స్థలానికీ పాత్ర ఉంటుంది. కోనసీమ వంటి గాలి వీచే తీర ప్రాంతంలో ఇండోర్ హాలు లేకుండా షటిల్‌లో పైస్థాయికి ఎదగడం కష్టం. హాలు కట్టుకోగల స్తోమత క్లబ్బులకూ పెద్ద పట్టణాలకూ ఉండేది. షటిల్ చాలాకాలం కొద్దిమంది ఆటగా ఉండిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. షటిల్ ఆటకు ఇండోర్ హాలు ఎందుకు అవసరం? మూడు వాక్యాలలో రాయండి.

4. తొలి విజేతలు

లాహోరుకు చెందిన ప్రకాశ్ నాథ్ 1947లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్‌కు చేరారు. దేశ విభజన ఆయన క్రీడాజీవితాన్ని దాదాపు అక్కడే నిలిపివేసింది. 1956లో మలయాలో జరిగిన సెలంగోర్ పోటీల్లో నందు నాటేకర్ విజేతగా నిలిచి, అంతర్జాతీయ టైటిల్ సాధించిన మొదటి భారతీయుడయ్యారు. 1965లో దినేష్ ఖన్నా ఆసియా ఛాంపియన్ అయ్యారు.

1980లో ప్రకాశ్ పదుకోన్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ఆయన ఆట నేర్చుకున్నది బెంగుళూరు మల్లేశ్వరంలోని కెనరా యూనియన్ హాలులో. అది పెళ్లిళ్లకు కూడా ఇచ్చే హాలు. పెళ్లి ఉన్న రోజుల్లో ఆట ఉండేది కాదు. ప్రపంచ విజేతకే ఈ పరిస్థితి ఉంటే, మిగిలినవారి సంగతి ఊహించుకోవచ్చు. ఈ దశలో విజేతలు వచ్చారు గాని, ఒకరి తరువాత ఒకరిని తయారుచేసే ఏర్పాటు రాలేదు.

5. హైదరాబాదు: శిక్షకుడి నుంచి అకాడమీ దాకా

తెలుగు ప్రాంతంలో ఆ ఏర్పాటుకు పునాది వేసినవారిలో ఎస్.ఎం. ఆరిఫ్ ముఖ్యులు. హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన దగ్గర పుల్లెల గోపీచంద్, గుత్తా జ్వాల, సైనా నెహ్వాల్ వంటివారు శిక్షణ పొందారు. ఆయనకు ద్రోణాచార్య అవార్డు లభించింది.

గోపీచంద్ 1973లో నాగండ్లలో పుట్టారు. 1994లో మోకాలికి తీవ్ర గాయమైనా తిరిగి కోర్టులోకి వచ్చారు. 2001లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ఆ తరువాత అకాడమీ స్థాపనకు పూనుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2003లో గచ్చిబౌలిలో అయిదెకరాల స్థలం కేటాయించింది. నిర్మాణానికి ఒక పారిశ్రామికవేత్త విరాళమిచ్చారు. అది చాలక గోపీచంద్ కుటుంబం సొంత ఇంటిని తాకట్టు పెట్టింది. 2008లో అకాడమీ ప్రారంభమైంది. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు హైదరాబాదులో జరిగాయి.

ఫలితాలు మీకు తెలిసినవే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం సాధించారు. పి.వి. సింధు 2016 రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో కాంస్యం గెలిచారు. 2019లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. వెనుకటి దశకూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, ఇక్కడ ఒక విజేత తరువాత మరొకరు వరుసగా వచ్చారు.

6. మళ్లీ కోనసీమకు

సాత్విక్ 2000 ఆగస్టు 13న పుట్టారు. తండ్రి అమలాపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు, స్వయంగా షటిల్ ఆడినవారు. తొలి పాఠాలు ఇంట్లోనే దొరికాయి. 2014లో సాత్విక్ గోపీచంద్ అకాడమీలో చేరారు. తరువాత మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ ఆయనను ముంబై ఆటగాడు చిరాగ్‌తో జత చేశారు. ఈ జోడీ 2022లో కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచింది. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి ప్రపంచ నంబర్ వన్ స్థానానికి చేరింది. 1965లో దినేష్ ఖన్నా తరువాత ఆసియా ఛాంపియన్‌షిప్ టైటిల్ మన దేశానికి వచ్చింది అప్పుడే.

శ్రీకాంత్ దారి కూడా ఇలాంటిదే. అన్న నందగోపాల్ కూడా ఆటగాడే. శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆడేవారు. హైదరాబాదు అకాడమీలో చేరాక సింగిల్స్‌కు మారారు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచారు.

ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆటను ముందే ఎరిగిన ఇల్లు ఒకటి, ఇంటికి దూరంగా ఉన్న అకాడమీ ఒకటి రెండింటిలోనూ కనిపిస్తాయి. పిల్లవాణ్ణి చిన్న వయసులోనే దూరం పంపగల ధైర్యం, ఖర్చు భరించగల శక్తి ఈ రెండింటినీ కలిపాయి.

7. చర్చ: ఎవరి ఘనత?

ఈ ఎదుగుదలను మూడు విధాలుగా వివరిస్తారు. గోపీచంద్ వంటి పట్టుదల గల వ్యక్తులే కారణమనేది మొదటి వాదన. ప్రభుత్వ స్థలం, దాతల సొమ్ము, రైల్వే, చమురు సంస్థలు క్రీడాకారులకిచ్చిన ఉద్యోగాలు కారణమనేది రెండవది. వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల నిశ్శబ్ద శ్రమ కారణమనేది మూడవది.

నా అభిప్రాయంలో ఈ మూడూ ఒకే గొలుసులోని కొక్కేలు; ఏది తెగినా గొలుసు తెగుతుంది. అమలాపురంలో ఉపాధ్యాయుడు లేకపోతే అకాడమీకి సాత్విక్ దొరికేవారు కాదు. అకాడమీ లేకపోతే ఆయన జిల్లా స్థాయిలోనే ఆగిపోయి ఉండేవారేమో.

అయితే ఈ గొలుసులో ఒక లోపం ఉంది. ప్రతిభ డెల్టాలో ఉంటే, దానికి పదును పెట్టే చోటు హైదరాబాదులో ఉంది. వెళ్లగలిగినవారి పేర్లు రికార్డుల్లోకి ఎక్కాయి. ఇల్లు కదలలేక రాకెట్ పక్కన పెట్టేసినవారి పేర్లు ఏ రికార్డులోనూ లేవు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఒంటరిగా హాస్టలుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఆట అక్కడితో ముగుస్తుంది. గెలిచినవారి జాబితా ఒక్కటే క్రీడా చరిత్ర కాదు.

అందువల్ల మీకొక పని. మీ ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేసి పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గరకు వెళ్లండి. ఎవరు బాగా ఆడేవారు, ఎందుకు మానేశారు అని అడిగి రాసుకోండి. పాత గ్రూపు ఫోటోలు, క్లబ్బు రిజిస్టర్లు, పోటీల సర్టిఫికెట్లు చూడండి. మౌఖిక చరిత్ర కూడా చరిత్రకు ఆధారమే. జ్ఞాపకాలు పొరపడవచ్చు కనుక ఇద్దరు ముగ్గురిని అడిగి సరిపోల్చుకోండి.

8. సారాంశం

కంటోన్మెంటు క్లబ్బుల్లో మొదలైన ఆట ఒక శతాబ్దానికి పైగా ఇండోర్ హాలు ఉన్నవారికే ఎక్కువగా పరిమితమైంది. తొలి విజేతలు వ్యక్తులుగా ఎదిగారు. ఆరిఫ్, గోపీచంద్‌ల కృషితో హైదరాబాదులో శిక్షణ ఒక సంస్థగా మారింది. ఆ సంస్థకు చిన్న పట్టణాల ఉపాధ్యాయులు, కుటుంబాలు పిల్లలను అందించాయి. వసతి ఊరికి దగ్గరగా వచ్చేవరకు ఈ వికాసం అసంపూర్ణమే.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. భారతదేశంలో బ్యాడ్మింటన్ వికాస దశలను వివరించండి.
2. "క్రీడాభివృద్ధి వ్యక్తుల ఘనత కాదు, సంస్థల ఫలితం." కోనసీమ ఉదాహరణతో చర్చించండి.
3. లఘుటీక రాయండి: బాల్ బ్యాడ్మింటన్, మౌఖిక చరిత్ర.